మొగము చూపు టెలిఫోను: దాని వర్తకచరిత్ర



గడచిన కోఁతల కాలమున మా గ్రామమునకు ఒక యంత్రవిక్రేత వచ్చెను. మా గ్రంథాలయసంఘమువారిని చదువుగదిలోఁ గూర్చుండఁబెట్టి, బల్లమీఁద పెద్దపలకంత కంప్యూటరు నొకదానిని నిలిపెను. దాని నెత్తిన కన్నువంటి కెమెరా గలదు. ఆ యంత్రము నెదుటఁ గూర్చుండినచో దూరదేశమందున్నవారి మొగము తెరపైఁ గానవచ్చును. మన మొగము వారికిఁ గానవచ్చును. ఒకరుగాక పదుగురు వేఱువేఱు ఊళ్లనుండి ఒకే సభలోఁ గూర్చుండినట్లు మాటాడుకొనవచ్చును. "రెండేండ్లలో ప్రతి గ్రామమునందును ఇట్టి యంత్రము ఉండి తీఱును. ముందుగాఁ గొన్నవారికి వెల తగ్గింతుము" అని ఆయన చెప్పెను. యంత్రపు వెలయు, ఒక సంవత్సరపు చందాయుఁ గూడ లెక్కించి చూడఁగా, మా సంఘపు నిధిలోనున్న సొమ్మంతయు దానికే సరిపోవును. ఆ సొమ్ము నిజమునకు చదువుగది పైకప్పు బాగుచేయుటకై కూడఁబెట్టినది. కప్పు రెండు వర్షకాలములనుండి కాఱుచున్నది.

సంఘములో ఇద్దఱు వద్దనిరి, నలుగురు కొందమనిరి. కొందమన్నవారిలో ఒక పెద్దమనిషి చెప్పిన కారణము నా మనస్సునకుఁ దగిలెను. ఆయన అక్కగారికి చెవులు వినవు. కొడుకు అమెరికాలో నున్నాఁడు. టెలిఫోనులో అతఁ డేమి పలికినను ఆమెకుఁ జేరదు. సెల్‌ఫోనులో మొగము కనఁబడునుగదా యందురేమో. ఆమెకుఁ గన్నులును మందగించినవి, అరచేతిలోని తెర ఆమెకొక మిణుకు మాత్రమే. "పెద్ద తెర యున్నచో మా అక్క తన కొడుకును జూచును" అని ఆయన అనెను.

అందఱును నావంకఁ జూచిరి. నేను చిరకాలము బడిపంతులుగా నుండినవాఁడను. కావ్యములును వ్యాకరణమును గురుముఖమునఁ జదువుకొన్నవాఁడను. యంత్రముల లోపలి తీఁగల సంగతి నాకంతగాఁ దెలియదు. కాని "రెండేండ్లలో ప్రతి గ్రామమునందును" అన్న మాట ఎక్కడనో విన్నట్లు తోఁచెను. ఒక వారము గడువడిగి, పాత సంగతులు తిరగవేసితిని. అందుఁ దెలిసిన దానినే నేఁడు మీకు విన్నవించుచున్నాను.

అలెగ్జాండరు గ్రాహంబెల్ టెలిఫోనునకు పేటెంటు పొందినది 1876లో. అప్పటికది ఇంకను పసిబిడ్డ. రెండేండ్లు గడచెనో లేదో, 1878 డిసెంబరులో, లండనునందలి పంచ్ అను హాస్యపత్రికవారి వార్షిక సంచికలో జార్జి డ్యుమారియే అను చిత్రకారుఁడు ఒక బొమ్మ వేసెను. వృద్ధదంపతులు తమ యింటిలోఁ గూర్చుండి, గోడమీఁది వెడల్పు తెరలో సింహళద్వీపమున ఆటలాడుచున్న తమ కూఁతునుఁ జూచుచు, గొట్టముద్వారా ఆమెతో మాటాడుచున్నారు. ఆ యంత్రమునకు ఎడిసనుగారి పేరు తగిలించిరి గాని, ఎడిసను అట్టిదానిని ఎన్నఁడును చేయలేదు. అది కేవలము పరిహాసము. అయినను ఆ చిత్రకారుని చూపు ఎంత సూటిగా నున్నదో గమనింపుఁడు. తెరకు ఇవతల తల్లిదండ్రులు, అవతల సముద్రములకు ఆవలనున్న బిడ్డ. యంత్రము పుట్టకమునుపే, అది ఎవరికిఁ గావలయునో ఆ బొమ్మ చెప్పివేసినది. తరువాతి నూఱేండ్లలో ఈ యంత్రమును జేసి అమ్మఁబూనిన మహాసంస్థలు మఱచినది సరిగా దీనినే యని నా యభిప్రాయము.

1927 ఏప్రిలు 7వ తేదీన అమెరికాలోని బెల్ ప్రయోగశాలవారు మొదటిమాఱు తీఁగమీఁదుగా మనుష్యుని కదలుచున్న మొగమును దూరమునకుఁ బంపి చూపిరి. అప్పుడు వాణిజ్యశాఖాధిపతిగా నుండి, పిదప ఆ దేశమునకు అధ్యక్షుఁడైన హెర్బర్టు హూవరుగారు వాషింగ్టనులోఁ గూర్చుండి మాటాడఁగా న్యూయార్కులోనివారు ఆయనను జూచిరి. ఆయనకు మాత్రము వారు కనఁబడలేదు. ఇరువురును ఒకరినొకరు చూచుకొను యంత్రమును 1930లో ప్రదర్శించిరి. అది న్యూయార్కు నగరములోనే, ఒకే కంపెనీకిఁ జెందిన రెండు భవనముల నడుమ. జర్మనీలో తపాలాశాఖవారు 1936 మార్చిలో బెర్లిను, లైప్జిగు నగరములమధ్య ప్రజలందఱికిని ఇట్టి వసతి కల్పించిరి. తపాలా కచ్చేరీలోని గదిలోనికిఁ బోయి కూర్చుండి మాటాడవలెను. మఱికొన్ని పట్టణములకును అది ప్రాఁకినది గాని, యుద్ధము వచ్చుటచే 1940లో మూఁతపడినది. ఇవన్నియు వేడుకలు. వర్తకము అని చెప్పఁదగినది పిమ్మట మొదలైనది.

అమెరికాలో టెలిఫోను వ్యాపారమును ఇంచుమించు ఏకచ్ఛత్రముగా ఏలుచుండిన ఏ.టి.అండ్.టి. కంపెనీ పేరు మీలోఁ గొందఱు వినియుందురు. బెల్ ప్రయోగశాల దానిదే. ట్రాన్సిస్టరు పుట్టినది అక్కడనే, 1947లో. మన పొలముల గట్లమీఁద పాడుచుండిన చిన్న రేడియోలకు మూలము అదే. అంతటి ప్రజ్ఞావంతులు ఏండ్లతరబడి పాటుపడి, పిక్చర్‌ఫోను అను పేరుతో మొగము చూపు టెలిఫోనును సిద్ధముచేసి, 1964లో న్యూయార్కునందు జరిగిన ప్రపంచప్రదర్శనలోఁ బెట్టిరి. ప్రదర్శన చూడవచ్చినవారు దానియెదుటఁ గూర్చుండి, దేశమునకు ఆ కొనను కాలిఫోర్నియాలోని డిస్నీలాండునందున్నవారితో మొగములు చూచుకొని మాటాడిరి. జనులు మురిసిపోయిరి. మాటాడి లేచినవారిని కంపెనీవారు ప్రశ్నలడిగి, ఇది మీకు నచ్చినదా, ఇంటఁ బెట్టుకొందురా, పనికివచ్చునా యని వ్రాసికొనిరి. చాలమంది బాగున్నదనిరి.

ఇక్కడ నొకమాట చెప్పవలెను. తిరునాళ్లలో గారడివాని చుట్టు మూఁగిన జనమును లెక్కించి, ఇంతమందియు రేపు గారడిపెట్టె కొందురని ఎవఁడైన అనుకొనునా? ఉచితముగాఁ జూచి బాగున్నదనుట వేఱు. రొంటిలోని రూకను విప్పుట వేఱు. మన సంతలో వంకాయ లమ్ము అవ్వకుఁ దెలిసిన యీ భేదము, ఆ లెక్కల నేర్పరులకుఁ దోఁచకపోయెను.

అదే సంవత్సరము జూనులో న్యూయార్కు, చికాగో, వాషింగ్టను నగరములలో ప్రత్యేకముగా గదులు కట్టించి సేవ ప్రారంభించిరి. నాఁటి అధ్యక్షుని భార్య లేడీ బర్డ్ జాన్సనుగారు వాషింగ్టనునుండి న్యూయార్కులోని ఎలిజబెత్ వుడ్ అను శాస్త్రజ్ఞురాలితో మొదటి పలుకు పలికిరి. వెల యెంత యనఁగా, మూఁడు నిమిషములకు 16 డాలర్లు మొదలుకొని 27 డాలర్లవఱకు. అప్పుడు ఆ దేశమున చట్టప్రకారము కనీసపుఁ గూలి గంటకు 1.25 డాలరు. బడిపంతుల నగుటచే నేను భాగహారము చేయక మానలేదు. కూలివాఁడు మూఁడు నిమిషములపాటు తన తల్లిని జూచుటకు 13 గంటలు, దూర మెక్కువైనచో 21 గంటలకుఁ బైగా పనిచేయవలెను. అదియుఁగాక, ముందుగా వేళ నిశ్చయించుకొని ఇవతల నితఁడును, అవతల ఆమెయు, ఇద్దఱును తమతమ యూళ్లలోని ఆ గదులకు నడచి పోవలెను. మొదటి ఆఱు నెలలలో మూఁడు నగరములకుఁ గలిపి జరిగిన పిలుపులు 71. వారమునకు మూఁడైనను నిండలేదు. కొలఁది యేండ్లలోనే ఆ గదులు మూఁతపడెను.

ఇంతటితో వారు ఊరకుండిన బాగుగ నుండును. కాని తప్పు గదులదని తలఁచి, యంత్రమును నేరుగా కార్యాలయములలోని బల్లలమీఁదికిఁ జేర్పఁదలఁచిరి. 1970 జూను 30వ తేదీన పిట్స్‌బర్గు నగరములో నగరాధ్యక్షుఁడు పీటరు ఫ్లాహెర్టీగారు, ఆల్కోవా అను అల్యూమినియము కంపెనీ అధిపతి జాన్ హార్పరుగారిని పిక్చర్‌ఫోనుమీఁదఁ బలుకరించిరి. మఱునాఁటినుండి సేవ మొదలాయెను. ఎనిమిది కంపెనీలు చేరినవి. అన్నిటికిని కలిపి 38 యంత్రములు. తెర వెడల్పు అయిదున్నర అంగుళములు, ఎత్తు అయిదు అంగుళములు. బొమ్మ నలుపు తెలుపు. ఒక్కొక్క యంత్రమునకు నెలకు 160 డాలర్ల అద్దె. అందులో అరగంట సేపు మాటాడవచ్చును. ఆపైన నిమిషమునకు 25 సెంట్లు. 1980 నాఁటికి దేశమున పదిలక్షల పిక్చర్‌ఫోనులు వెలయునని కంపెనీవారి అంచనా. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగ మనుట మనవారి సామెత.

ఈ యంత్రములో నున్న చిక్కు రెండు విధములు. మొదటిది తీఁగలది. మామూలు టెలిఫోనునకు ఒక జత తీఁగ చాలును. దీనికి మూఁడు జతలు కావలెను: పలుకునకొకటి, పోవు బొమ్మకొకటి, వచ్చు బొమ్మకొకటి. దూరపు పిలుపైనచో, ఒక్క బొమ్మ పోవు త్రోవలో సుమారు నూఱు మామూలు సంభాషణలు పోవచ్చును. నూఱుమంది నడచు బాటను ఒక్కని పల్లకి యాక్రమించినట్లు. ఇఁక వెల యెట్లు తగ్గును?

రెండవ చిక్కు ఇంకను సూక్ష్మమైనది. నాఁగలి కొన్నవానికి ఇరుగుపొరుగున నాఁగలి లేకపోయినను పొలము దున్నుకొనవచ్చును. టెలిఫోను అట్లు కాదు. దాని విలువ నా చేతిలో లేదు. అవతలివాని చేతిలో నున్నది. 38 యంత్రములున్నచోట ఏర్పడు జంట లెన్నియని లెక్కించిన, 38ని 37చే గుణించి సగము చేయఁగా 703 వచ్చును. వినుటకు పెద్దసంఖ్యయే. కాని ఒక కంపెనీ యజమానికి తన సరకు కొనువానితోడను, తనకు అప్పిచ్చువానితోడను, తన ప్లీడరుతోడను పని. వారియొద్ద యంత్రము లేనిచో ఈ 703లో అతనికి పనికివచ్చున వెన్ని? పనికిరానిచో నెల గడచినతోడనే యంత్రమును తిరిగి యిచ్చివేయును. ఒకఁడు ఇచ్చివేసిన, మిగిలినవారి యంత్రముల విలువయు కొంత తఱుగును. కట్ట తెగిన చెఱువువలె అది నిలువదు. 1974 జూలై నాఁటికి పిట్స్‌బర్గులో మిగిలినవి అయిదు యంత్రములు. అయిదింటికి జంటలు పది. చికాగోలో 1973 ప్రారంభమున 453 వఱకుఁ బెరిగినవి గాని, అక్కడను ఆ పెరుగుట నిలువలేదు. ఈ ప్రయత్నముమీఁద కంపెనీ వెచ్చించినది రమారమి 50 కోట్ల డాలర్లని చెప్పుదురు.

ఇది యెందులకు చెడినదని పలువురు పలువిధములుగా వ్రాసిరి. జనులకు టెలిఫోనులో మొగము చూపుకొనుట యిష్టములేదనియు, తల దువ్వుకొనక మునుపే ఎవఁడో పిలిచిన ఏమి చేయుదుమని వెఱచిరనియు కొందఱందురు. దానిలో కొంత నిజము లేకపోలేదు. బొమ్మలో టైపుచేసిన కాగితము నిండుగాఁ బెట్టిన అక్షరములు తెలియవని మఱికొందఱు. అదియు నిజమే. కాని నాకుఁ దోఁచునది వేఱు. పిట్స్‌బర్గు పటము తీసి చూచితిని. అల్లెఘెనీ, మొనాంగహేలా అను రెండు నదులు కలిసి ఒహాయో నది యగుచోట చిన్న ముక్కోణముగా ఆ నగరపు వ్యాపారస్థల మున్నది. ఒక కొననుండి మఱియొక కొనకు కాలినడకనే పోవచ్చును. అనఁగా, నడచిపోయి చేయిపట్టుకొని మాటాడఁగల పెద్దమనుష్యులకు, నెలకు 160 డాలర్లు పుచ్చుకొని ఒకరి మొగ మొకరికిఁ జూపింపఁబూనిరి! ఒకరినొకరు చూడక తపించుచున్నవారు అప్పుడును లేకపోలేదు. ఆ దేశపు పిల్లలును తల్లిదండ్రులను విడిచి వేయి మైళ్లు పోయి బ్రదుకుచునే యుండిరి. వారియొద్ద డబ్బు లేదు. డబ్బున్నచోట ఎడఁబాటు లేదు. ఎడఁబాటున్నచోట డబ్బు లేదు. కంపెనీవారు డబ్బువంకనే చూచిరి.

వారిని అవివేకు లనుట నా యుద్దేశము కాదు. టెలిఫోనుకూడ మొదట కొద్దిమంది శ్రీమంతుల వస్తువే. క్రమముగా వెల తగ్గి అందఱకును వచ్చినది. ఇదియు అట్లే వచ్చునని వారి యాశ. కాని టెలిఫోను వచ్చినప్పుడు అంతకుముందు లేని వస్తువు, అనఁగా దూరమునుండి మనుష్యుని గొంతు, క్రొత్తగా వచ్చినది. వ్యవహారమంతయు గొంతుతోనే జరిగిపోవుచున్న కాలమున, దానికి మొగము తగిలించి పదిరెట్ల వెల యడిగినచో షావుకారు ఇచ్చునా?

అదే కంపెనీ 1992లో మఱల నొకమాఱు బేరమునకు దిగెను. ఈసారి ఇండ్లలోనివారికే, మామూలు తీఁగమీఁదనే పనిచేయు రంగుల యంత్రము. వెల 1,500 డాలర్లు. తాతకొకటి మనుమనికొకటి కావలెనుగదా, 3,000 అయినది. సన్నని తీఁగలో పట్టవలసి వచ్చుటచే బొమ్మ త్రుళ్లిత్రుళ్లి కదలును. ఇతర కంపెనీల యంత్రములతో అది మాటాడదు. ఎవరికిఁ గావలయునో ఈసారి సరిగాఁ గనుఁగొన్నారు గాని, వెల వారికందలేదు. 1995లో దానిని విరమించిరి.

ఇట్టి యంత్రమును ప్రాణముతో సమానముగా నెంచినవారు ఒక్కరు కలరు. వారు చెవిటివారు. చేతులతో మాటాడుకొను బధిరులకు మామూలు టెలిఫోను చచ్చిన వస్తువు. అమెరికాలో 2003 ప్రాంతమున సోరెన్సన్ అను సంస్థవారు బధిరులకు వీడియో యంత్రములను ఉచితముగా నిచ్చి, నడుమ ఒక దుబాసీని గూర్చుండఁబెట్టి, చేతులభాషను పలుకుగను, పలుకును చేతులభాషగను మార్చి యందించు ఏర్పాటు చేసిరి. దాని ఖర్చు టెలిఫోను వాడువారందఱినుండి వసూలగు నిధినుండి వచ్చును. అది నిలిచినది. పిట్స్‌బర్గు షావుకారులకు అక్కఱలేకపోయిన మొగము, వీరికి నోరే యయ్యెను.

ఇంతలో కథ మఱియొక త్రోవను బోవుచుండెను. ఇండ్లలోనికి కంప్యూటరులు వచ్చినవి. ఎవరును మొగము చూచుటకై వానిని కొనలేదు. లెక్కలకు, వ్రాఁతకు, చదువునకుఁ గొనిరి. 1994లో క్విక్‌కామ్ అను బంతివంటి కెమెరా నూఱు డాలర్లకు వచ్చినది. దానిని కంప్యూటరునకుఁ దగిలించిన సరి. 2003లో స్కైప్ వచ్చినది. 2006నుండి దానిలో మొగమును జూపిరి. పిలుపునకు వెల లేదు. 1990ల చివరనుండి మన గుంటూరు, కృష్ణా, కరీంనగరు మండలముల పిల్లలు కంప్యూటరు పనికి వేలకొలఁది అమెరికా పోవుట మీరెఱుఁగుదురు. ఇక్కడ వారి తల్లులు తండ్రులు ఊరినుండి బస్సెక్కి పట్టణమునకు వచ్చి, గంటకింతయని యిచ్చి, ఇంటర్నెట్ అంగడిలో చెక్క అఱ నడుమ ఇఱుకుగాఁ గూర్చుండి, పుట్టిన మనుమని మొదటిమాఱు తెరమీఁదఁ జూచిరి. 1878 నాఁటి బొమ్మలోని వృద్ధదంపతులు వీరే. ఆ స్కైప్ కూడ ఇప్పుడు లేదు. 2025 మే నెలలో దానిని మూసివేసిరి.

మా యూరికి వచ్చిన యంత్రమునకు సరిగాఁ బోలిన వృత్తాంత మొకటి ఇటీవలిదే కలదు. సిస్కో అను కంపెనీ ఇంటర్నెట్ త్రోవలకు వలయు యంత్రములు చేయుటలో ప్రపంచప్రసిద్ధమైనది. అది 2010 జూనులో సియస్ అను పలక కంప్యూటరును ప్రకటించెను. ఏడంగుళముల తెర, రెండు వైపుల కెమెరాలు, కార్యాలయములవారు ఎక్కడనుండియైనను స్పష్టముగా మొగములు చూచుకొని సభ జరుపుకొనవచ్చును. యంత్రము మంచిదే. అదే సంవత్సరమున ఇండ్లకొఱకు, టెలివిజనునకుఁ దగిలించు ఊమి అను మఱియొక యంత్రమును 599 డాలర్లకుఁ బెట్టి, నెలకు 25 డాలర్ల చందా విధించిరి. మఱుసటి సంవత్సరము రెండింటిని తగ్గించి చూచిరి. 2012 మే నాఁటికి ఊమియు లేదు, సియస్సును లేదు. ఉద్యోగులు తమ సొంత సెల్‌ఫోనులను, తాము కొనుకొన్న పలకలను కార్యాలయములకుఁ దెచ్చుకొని పనిచేయుచున్నారని, సియస్సును విడుచునప్పుడు ఆ కంపెనీవారే చెప్పిరి. యంత్రము చేయుటలో లోపము లేదు. జనుల జేబులలో నప్పటికే ఉన్నదానిని వారు లెక్కింపలేదు. తరువాత ఫేస్‌బుక్కువారు పోర్టలు అను పేరున 2018లో ఇట్టిదే యొకటి చేసి, 2022లో ఇండ్లవారికి అమ్ముట మానివేసిరి.

మన దేశములో 2016 సెప్టెంబరునందు జియో వచ్చి ఇంటర్నెట్ వెల నేలకు దిగినది. ఆ నవంబరులోనే వాట్సాప్ అను సాధనములో మొగము చూపు పిలుపులు వచ్చినవి. దీనికై ఎవరును క్రొత్త యంత్రము కొనలేదు. నీటిమీఁదకు నూనె వచ్చినట్లు, అప్పటికే చేతనున్న వస్తువుమీఁదికి అది తేలి వచ్చినది. 2020 మార్చిలో మహమ్మారిచే దేశ మంతయు తలుపులు వేసికొన్నప్పుడు బడులు, న్యాయస్థానములు, తుదకు పెండ్లిండ్లును తెరలకెక్కినవి. జూమ్ అను సాధనములో 2019 డిసెంబరునందు రోజుకు కోటిమంది సభలలోఁ గూర్చుండఁగా, 2020 ఏప్రిలునాఁటికి ఆ సంఖ్య 30 కోట్లయ్యెను. ఒకే మనిషి రోజున అయిదు సభలలోఁ గూర్చుండిన అయిదుగా లెక్కించిన సంఖ్య యది. కంపెనీవారే పిదప దిద్దుకొనిరి. ఏమైనను, ఏ యంత్రవిక్రేతయు నూఱేండ్లలో చేయలేని పనిని ఎడఁబాటు ఒక్క నెలలోఁ జేసినది. ఇఁక కార్యాలయములు ఉండవని అప్పుడు జోస్యములు చెప్పినవారును కలరు. 2023లో ఆ జూమ్ కంపెనీయే తన కార్యాలయములకు దగ్గఱ నివసించు ఉద్యోగులను వారమునకు రెండు దినములు వచ్చి కూర్చుండుఁడని ఆజ్ఞాపించెను.

వారము గడచినపిదప విక్రేత మఱల వచ్చెను. నేనాయనను మూఁడు ప్రశ్నలడిగితిని. "అయ్యా! అవతలివారికిని మీ యంత్రమే యుండవలెనా?" ఆయన కొంత తడవుకొని, అట్లయిననే బొమ్మ స్పష్టముగా నుండునని చెప్పెను. అనఁగా అమెరికాలోని కొడుకుకూడ ఒకటి కొనవలెను. "చందా కట్టుట మానిన, యంత్రము పనిచేయునా?" చేయదనెను. "ఈ మండలములో నింకెన్ని గ్రామములు కొన్నవి?" మీతోనే ప్రారంభము, అని నవ్వుచుఁ జెప్పెను. ఆయన నవ్వు నాకు నచ్చినది, మంచివాఁడే. కాఫీ యిచ్చి పంపితిమి.

సొమ్ము కప్పునకే ఖర్చయినది. ఆ పెద్దమనిషి అక్కగారి సంగతి మాత్రము నేను మఱచిపోలేదు. సంఘములో నొకరి యింట మూలఁబడియున్న పెద్ద టెలివిజను చదువుగదిలోనికిఁ దెచ్చి, ఒక కుఱ్ఱవాని సెల్‌ఫోనును దానికి తీఁగతోఁ గలుపుటకు అయిన ఖర్చు తీఁగ వెల మాత్రమే. ఆదివారము ఉదయము, అక్కడ శనివారము రాత్రి యగు వేళకు, ఆమెను గోడప్రక్క కుర్చీలోఁ గూర్చుండఁబెట్టిరి. తెరనిండ కొడుకు మొగము వచ్చెను. అతఁ డేమేమో పలికెను గాని ఆమెకు వినఁబడలేదు. అది చూచి అతఁడు ఒక కాగితముమీఁద లావుపాటి తెలుఁగక్షరములతో "అమ్మా, తిన్నావా?" అని వ్రాసి కెమెరాకుఁ జూపెను. ఆమె కూడఁబలుకుకొని చదివి, తలయూఁపి, నీ జుట్టేల తెల్లఁబడినదిరా యని గట్టిగా అడిగెను.